ఖరీదైన కత్తి ఎందుకు లొడలొడలాడుతుంది?

ఖరీదైన మడత కత్తి కొన్నవాళ్లు పెట్టె విప్పగానే దాంతో ఏదీ కొయ్యరు. అలుగు తెరిచి, మొన దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, పక్కలకు ఊపి చూస్తారు. మూడు నాలుగు వందల డాలర్లు పోసి కొన్న వస్తువు ఆ ఊపుకి టిక్కుమందంటే మనసు చివుక్కుమంటుంది. ఒక లోపం కంటబడ్డాక మిగతావి వాటంతటవే బయటపడతాయి. మూసినప్పుడు అలుగు పిడి నడుమ నిలవక ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. తెరిచాక లాక్ విడిపించబోతే బొటనవేలు నొప్పి పుట్టేదాకా అది కదలదు. సానపట్టిన అంచు ఒక వైపు వెడల్పుగా, రెండో వైపు సన్నగా ఉంటుంది. పెట్టె మీద మాత్రం ఉక్కు పేరు, టైటానియం గ్రేడు, పిడి మీది నగిషీ గురించిన వివరం అన్నీ ఘనంగా అచ్చయి ఉంటాయి.

ఈ సంగతి అమ్మినవాళ్లకు చెబితే తరచుగా వచ్చే జవాబు, "అది టాలరెన్స్ లోపలే ఉందండీ, కొయ్యడానికేం అడ్డం కాదు" అని. దాంతో కొన్నవాడికి తనదే చాదస్తమేమో అని అనుమానం పట్టుకుంటుంది. నాకు మడత కత్తులంటే ఇష్టం. వాటిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించడం నాకు అలవాటు. అందుకే ఈ వ్యాసంలో కొన్నవాడి పక్షాన మాట్లాడాలనుకుంటున్నాను. అతని వేలు చెబుతున్నది నిజం. ఆ నిజానికి కొలతలున్నాయి, కారణాలున్నాయి.

ముందు వేలి సంగతి. 2013లో స్వీడన్‌లోని కేటీహెచ్ రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అతి సూక్ష్మమైన ముడతలున్న తలాలను తయారుచేసి, కళ్లకు గంతలు కట్టిన మనుషుల చేత వాటిని వేలితో నిమిరించారు. 13 నానోమీటర్ల ఎత్తు ముడతలను కూడా నునుపు తలం నుంచి విడిగా గుర్తుపట్టగలిగారు. తలవెంట్రుక మందంలో అది ఐదువేలో వంతు. వేలు ఊరికే ఆనించి ఉంచితే ఇంత తెలియదు, కదిలించినప్పుడు చర్మంలో పుట్టే ప్రకంపనలే ఆ కబురు మోస్తాయి. కత్తి లోపాలు నానోమీటర్లలో ఉండవు. మైక్రాన్లలో, ఒక్కోసారి మిల్లీమీటరులో పదో వంతులో ఉంటాయి. వాటిని వేలు పసిగట్టకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇక ఆ టిక్కు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మడత కత్తికి ప్రాణం ఇరుసు దగ్గర ఉంటుంది. అలుగుకి ఒక రంధ్రం, అందులో ఇరుసు, అలుగుకి ఇరువైపులా రెండు పలచటి వాషర్లు, వాటిని నొక్కి పట్టే రెండు పిడి పలకలు. వాషర్లు చాలా కత్తుల్లో ఫాస్ఫర్ కంచువి, ఈ మధ్య వాటి బదులు చిన్న బాల్ బేరింగులు కూడా పెడుతున్నారు. అలుగు తిరగాలంటే ఈ పొరల మధ్య కాస్తంత ఖాళీ ఉండాలి. అలుగు ఊగకూడదంటే ఆ ఖాళీ ఉండకూడదు. ఈ రెండు కోరికల మధ్య మిగిలే చోటు మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే రెండు వందో వంతులు.

అంత చిన్న ఖాళీ మొన దగ్గరికొచ్చేసరికి ఎంతవుతుందో లెక్క వెయ్యడం తేలికే. వాషర్ వ్యాసం 10 మిల్లీమీటర్లు, ఇరుసు నుంచి మొనకు దూరం 90 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇరుసు దగ్గర 0.02 మిల్లీమీటర్ల వదులు ఉంటే, అలుగు ఆ 10 మిల్లీమీటర్ల వెడల్పు మీద అంత మేరకు వాలుతుంది. మొన దగ్గరికి అది తొమ్మిది రెట్లయి 0.18 మిల్లీమీటర్లవుతుంది. అంటే రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినదానికన్నా ఎక్కువ. కంటికి కూడా ఆనుతుంది. వదులు 0.04 అయితే కదలిక 0.36. అదే వాషర్ వ్యాసం 14 మిల్లీమీటర్లకు పెంచితే, మొదటి లెక్కలోని 0.18 కాస్తా 0.13కు దిగుతుంది. పెద్ద వాషరుకు అదనంగా అయ్యే ఖర్చు దాదాపు లేదు. అయినా పిడి సన్నగా, నాజూగ్గా కనిపించాలన్న తాపత్రయంలో ఇరుసు దగ్గర చోటు తగ్గించేసిన కత్తులు ఖరీదైనవాటిలోనే కొల్లలుగా కనిపిస్తాయి.

స్క్రూ బిగిస్తే సరిపోదా అంటారు. బిగిస్తే ఊగడం ఆగుతుంది, అలుగు కూడా ఆగిపోతుంది. పలకలు, వాషర్లు, అలుగు పక్కలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే బిగువు నాలుగు వైపులా సమంగా పంచుకుంటుంది. ఒక మూల కొంచెం ఎత్తుంటే అక్కడ మాత్రమే రాసుకుంటుంది, అవతల వదులుగానే ఉంటుంది. అప్పుడు స్క్రూను ఎటు తిప్పినా ఇబ్బందే. తిప్పేవాడి చేతకానితనం కాదది, లోపల జ్యామితి కుదరలేదన్నమాట.

ఈ చిక్కును తయారీలోనే విప్పిన పద్ధతి ఒకటుంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి అమెరికాలోని ఐడహోలో స్థిరపడ్డ క్రిస్ రీవ్ తన సెబెంజా కత్తిలో ఇరుసు చుట్టూ ఒక గట్టి గొట్టం అమర్చాడు. ఆ గొట్టం పొడవు, అలుగు మందానికి రెండు వాషర్ల మందం కలిపినదానికన్నా అతి కొద్దిగా ఎక్కువ. స్క్రూను ఆఖరిదాకా బిగించినా గొట్టం అడ్డుపడుతుంది కనుక అలుగు బిగుసుకోదు. ఎంత ఖాళీ ఉండాలో తయారుచేసినవాడే తేల్చి ఇచ్చాడు, కొన్నవాడి స్క్రూడ్రైవరుకు వదిలిపెట్టలేదు. నా దృష్టిలో ఖరీదైన కత్తికి పెట్టే డబ్బు న్యాయంగా ఖర్చయ్యే చోటు ఇది. కానీ ఇందులోని శ్రమ చూడండి. ఆ ఖాళీ నాలుగు కొలతల మీద ఆధారపడింది: గొట్టం పొడవు, అలుగు మందం, రెండు వాషర్ల మందాలు. ఒక్కోదాన్నీ వందో వంతు మిల్లీమీటరు అటూఇటూ తేడాతో చేశామనుకుందాం, ఏ వర్క్‌షాపుకైనా అది మంచి పనే. నాలుగు తేడాలూ ఒకే వైపు కలిసొస్తే మొత్తం తేడా 0.04. గణాంక శాస్త్రం ప్రకారం సాధారణంగా అలా కలిసిరావు, 0.02 దగ్గర తేలతాయి. కానీ మనకు కావలసిన ఖాళీయే 0.01, 0.02 కదా. అందుకే ఒక్కో కత్తికీ ముక్కలు ఏరి జతపరచాలి, లేదా చేత్తో అరగదీసి కుదర్చాలి. ఆ పని మనిషి చెయ్యాలి, దానికి సమయం పడుతుంది. కర్మాగారంలో ముందుగా కోతపడేది ఆ సమయానికే.

బేరింగులు పెడితే ఈ బాధ తప్పుతుందని ఒక నమ్మకం. అలుగు గాలిలో ఊదినట్టు తెరుచుకోవడం వల్ల పనితనం గొప్పదన్న అభిప్రాయం కలుగుతుంది. బంతి మాత్రం తలాన్ని చుక్కంత చోటే తాకుతుంది, ఒత్తిడంతా ఆ చుక్క మీదే పడుతుంది. గట్టిపరచిన ఉక్కు రేకు అడుగున లేకుండా బంతుల్ని నేరుగా మెత్తటి టైటానియం మీద నడిపితే కొంతకాలానికి అక్కడ గుంటలు పడతాయి. మొదటి రోజు లేని ఊపు అప్పుడు మొదలవుతుంది.

అలుగు పక్కకి ఒరగడానికి కారణం చాలాసార్లు కొలిమిలో ఉంటుంది. ఉక్కును గట్టిపరచాలంటే దాన్ని ఎర్రగా కాల్చి వేగంగా చల్లార్చాలి. కాలినప్పుడు పరమాణువుల అమరిక ఆస్టెనైట్ అనే రూపంలో ఉంటుంది. చల్లారినప్పుడు మార్టెన్‌సైట్ అనే బిగుసుకున్న రూపానికి మారుతుంది, ఆ మార్పులో కాస్త ఉబ్బుతుంది. అలుగు వెన్ను మందం, అంచు పలచన. రెండూ ఒకే వేగంతో చల్లారవు, ఒకేసారి ఉబ్బవు. ఫలితంగా అలుగు కొద్దిగా వంగుతుంది, మెలితిరుగుతుంది. దాన్ని సరిచెయ్యాలంటే ముందే కొంచెం మందంగా ఉంచి, గట్టిపడ్డాక రెండు వైపులా రాపిడి యంత్రం మీద చదును చెయ్యాలి. గట్టిపడ్డ ఉక్కును అరగదీయడం ఖర్చుతో కూడిన పని. ఇరుసు రంధ్రం డిగ్రీలో పదో వంతు వాలినా 90 మిల్లీమీటర్ల దూరంలో మొన 0.16 మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి: మూసినప్పుడు అలుగు కొంచెం ఓరగా ఉన్నా పిడికి తగలనంత వరకూ కోతకు ఏ నష్టమూ లేదు. చూపుకి వెలితి, అంతే. ఊగే అలుగు, జారే లాక్ అలాంటివి కావు.

లాక్ విషయంలో నేను రాజీపడను, ఎందుకంటే అది విఫలమైతే తెగేది వేళ్లే. అలుగు తెరుచుకున్నాక మళ్లీ మడతపడకుండా ఆపడానికి మనుషులు రకరకాల ఏర్పాట్లు చేశారు. ఫ్రాన్స్‌లోని సావోయి కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890 ప్రాంతంలో మొదలుపెట్టిన కర్రపిడి కత్తికి 1955లో తిరిగే ఉక్కు ఉంగరం చేరింది. వేలితో తిప్పితే అలుగు మడమకు, అంటే ఇరుసు వైపు చివరకు, అడ్డం పడుతుంది. అమెరికాలో బక్ కంపెనీ 1964లో తెచ్చిన 110 నమూనా వెన్నులో స్ప్రింగు లాకున్న కత్తిని వేటగాళ్లందరి నడుముకూ చేర్చింది. 1980 ప్రాంతంలో మైకేల్ వాకర్ అనే కత్తుల తయారీదారు పిడి లోపలి రేకునే చీల్చి, అలుగు తెరుచుకోగానే అది పక్క నుంచి వచ్చి మడమ కింద నిలిచేలా లైనర్ లాక్‌ను మెరుగుపరిచాడు. రీవ్ ఇంకో అడుగు వేసి, రేకు బదులు మందపాటి టైటానియం పిడి పలకనే చీల్చి లాక్ పట్టీగా వాడాడు. ఇవాళ ఖరీదైన కత్తుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్రేమ్ లాక్ అనే ఈ ఏర్పాటే.

ఈ ఫ్రేమ్ లాక్‌లో మూడు కొలతలు కుదరాలి, మూడూ మొండివే. మొదటిది కోణం. లాక్ పట్టీ ఆనే అలుగు మడమ నిటారుగా ఉండదు, ఏడెనిమిది డిగ్రీల వాలుగా ఉంటుంది. పట్టీ ఆ వాలు మీద మేకులా దిగబడుతుంది. జారకుండా పట్టి ఉంచేది ఘర్షణ ఒక్కటే. ఘర్షణ గుణకం 0.15 అయితే 8.5 డిగ్రీల వరకూ జారదు, అంతకు మించితే ఒత్తిడికి పట్టీ పక్కకి పారిపోతుంది. అక్కడ నూనె పడితే గుణకం ఇంకా తగ్గుతుంది, అందుకే లాక్ ముఖం మీద నూనె రాయకూడదంటారు. మొన దగ్గర ఐదు కిలోల బలంతో వెనక్కి నొక్కితే, ఇరుసుకు దగ్గరగా ఉన్న లాక్ మీద మీట సూత్రం వల్ల దాదాపు యాభై కిలోలు పడుతుంది. కోణం అర డిగ్రీ తప్పడం చిన్న విషయం కాదు.

రెండోది మందం. లాక్ పట్టీ స్ప్రింగులా వంగడానికి దాని మొదట్లో పలకను పలచగా చెక్కుతారు. ఏ పట్టీ బిగువైనా మందం ఘనంతో పెరుగుతుంది. 1.2 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 1.3 మిగిల్చారనుకోండి, తేడా పదో వంతు మిల్లీమీటరే. బిగువు మాత్రం 27 శాతం పెరుగుతుంది. అప్పుడు కత్తి తెరవడం కష్టం, మూయడం కష్టం. పట్టీ ఒక వైపు నుంచి గట్టిగా నెట్టడంతో అలుగు కూడా ఓరగా తిరుగుతుంది. టైటానియం మిశ్రమాన్ని చెక్కడం అంత సులభమూ కాదు. అది వేడిని చాలా మందకొడిగా ప్రసరింపజేస్తుంది, అల్యూమినియంతో పోలిస్తే ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కోతలో పుట్టిన వేడి లోహంలోకి పోకుండా పనిముట్టు మొనలోనే నిలుస్తుంది. పనిముట్టు అరుగుతుంది, అరిగేకొద్దీ కొలత జారిపోతుంది. ఉదయం తయారైన పలకకూ సాయంత్రం తయారైన పలకకూ తేడా వచ్చేది అలాగే. పనిముట్టును ఎప్పుడు మార్చాలన్నది యజమాని నిర్ణయం, దాని ఖర్చు కూడా ఆయనకు తెలుసు.

మూడోది లాక్ అతుక్కోవడం. టైటానియం మీద ఎప్పుడూ ఒక పలచటి ఆక్సైడ్ పొర ఉంటుంది. గట్టి ఉక్కు దాన్ని నొక్కి రాస్తే ఆ పొర చిరిగి, అడుగునున్న మెత్తటి లోహం ఉక్కుకి అంటుకుంటుంది. నేను డబ్బు కూడబెట్టుకుని కొన్న ఒక కత్తి ఇలాగే చేసేది. తెరిచిన ప్రతిసారీ లాక్ విడిపించడానికి బొటనవేలి గోరు వాడాల్సి వచ్చేది. భూతద్దం కింద చూస్తే అలుగు మడమ మీద టైటానియం మరకలు, కింద యంత్రపు గీతలు అలాగే ఉన్నాయి. ఆ ముఖాన్ని నునుపు చేసి ఉంటే, లేదా పట్టీ చివర చిన్న ఉక్కు ముక్క అమర్చి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఆ పనికి పట్టేది కొద్ది నిమిషాలు. పిడి మీద నగిషీ చెక్కిన యంత్రం అంతకన్నా ఎక్కువ సేపే తిరిగి ఉంటుంది. కోపం తెప్పించింది ఆ ఎంపికే.

ఇక ఉక్కు. ఖరీదైన కత్తిని అమ్మిపెట్టేది ఉక్కు పేరే కనుక దీని దగ్గర కాసేపు ఆగుదాం. అమెరికాలోని క్రూసిబుల్ సంస్థలో డిక్ బార్బర్, క్రిస్ రీవ్‌తో సంప్రదిస్తూ 2001లో తెచ్చిన ఎస్30వి ఉక్కును తీసుకోండి. అందులో 1.45 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 4 శాతం వనేడియం, 2 శాతం మాలిబ్డినం. వనేడియం కార్బన్‌తో కలిసి అత్యంత గట్టి కార్బైడ్ రేణువులవుతుంది. అంచు అరగకుండా కాపాడేవి అవే. మామూలు పద్ధతిలో పోతపోసిన ఉక్కు నిదానంగా గడ్డకట్టేటప్పుడు ఈ రేణువులు పెద్ద పెద్ద గడ్డలవుతాయి, పదుల మైక్రాన్ల దాకా పెరుగుతాయి. అలాంటి ఉక్కు వేరుశనగ అచ్చు వంటిది. దాన్ని పలచగా కోయబోతే పలుకు ఉన్న చోట విరిగి ఊడిపోతుంది. నువ్వుల అచ్చు అయితే ఎంత పలచగా కోసినా అంచు నిలుస్తుంది. ఉక్కులో నువ్వుల అచ్చు చెయ్యడానికి, కరిగిన ఉక్కు ధారను నైట్రోజన్ వాయువుతో చిమ్మి పొడిగా గడ్డకట్టిస్తారు. తర్వాత ఆ పొడిని డబ్బాలో మూసి, వేడితో, ఒత్తిడితో ఏకం చేస్తారు. రేణువులు కొన్ని మైక్రాన్లకు మించవు, అంతటా సమంగా పరుచుకుంటాయి.

రేణువుల అమరిక ఎంత ముఖ్యమో 2020లో ఎంఐటీ పరిశోధకులు సైన్స్ పత్రికలో చూపించారు. గడ్డం గీసే బ్లేడు తనకన్నా యాభై రెట్లు మెత్తటి వెంట్రుకకు ఎందుకు ఓడిపోతుందని వాళ్ల ప్రశ్న. అంచు నెమ్మదిగా అరిగి గుండ్రబడడం కన్నా ముందే పెచ్చులూడుతోందని సూక్ష్మదర్శినిలో తేలింది. వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కులో మెత్తటి భాగం గట్టి భాగాన్ని కలుసుకునే సరిహద్దు దగ్గర చీలిక మొదలవుతుంది. ఉక్కు అంతటా ఒకేలా ఉండకపోవడమే దానికి చేటు.

వనేడియం కథలో తెలుగు నేలకు నిజమైన భాగం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్లలో మూసల్లో కరిగించిన ఉక్కు దిమ్మల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. దక్షిణ భారతపు ఆ మూస ఉక్కుతోనే డమాస్కస్ కత్తులు తయారయ్యాయి. వాటి మీది అలల గీతలు ఎలా ఏర్పడ్డాయని జాన్ వెర్‌హోవెన్, ఆల్‌ఫ్రెడ్ పెండ్రే చాలా ఏళ్లు శోధించి, 1998లో ఒక జవాబు ప్రచురించారు. ఖనిజంతోపాటు వచ్చిన లక్షలో కొన్ని పాళ్ల వనేడియం వంటి మలినాలు కార్బైడ్లను వరుసలు కట్టించాయని వాళ్లు తేల్చారు. నేటి ఉక్కులో అదే మూలకాన్ని నూటికి నాలుగు పాళ్లు తూచి వేస్తున్నారు, వరుసలు కట్టకుండా చూస్తున్నారు.

ఇంత చేసి తెచ్చిన ఉక్కు కూడా కొలిమి దగ్గర చెడిపోగలదు. ఎస్30విని 1040 నుంచి 1095 డిగ్రీల సెల్సియస్ మధ్య కాల్చాలి, వేగంగా చల్లార్చాలి, వీలైతే సున్నాకు బాగా దిగువకు చల్లబరచాలి, ఆ తర్వాత రెండుసార్లు తక్కువ వేడిలో కాచి పెళుసుదనం తీసెయ్యాలి. ఉష్ణోగ్రత తగ్గినా, చల్లార్చడం ఆలస్యమైనా అదే ఉక్కు రెండు మూడు పాయింట్లు మెత్తగా తేలుతుంది. పాయింట్లంటే రాక్‌వెల్ సి స్కేలు మీద. బాల్ బేరింగుల కర్మాగారంలో పనిచేసిన హ్యూ రాక్‌వెల్, స్టాన్లీ రాక్‌వెల్ ఉక్కు ఎలా గట్టిపడిందో చూసుకోవడానికి ఈ పరీక్షను కనిపెట్టి, 1914లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. వజ్రపు శంకువును 150 కిలోల భారంతో నొక్కి, పడ్డ గుంట లోతు కొలుస్తారు. ఒక్కో పాయింటుకు లోతు తేడా రెండు మైక్రాన్లు. 60 పాయింట్ల ఉక్కులో గుంట 80 మైక్రాన్లు, 58లో 84. ఆ నాలుగు మైక్రాన్లలోనే ఒక కత్తి పదును నిలవడం, ఇంకోదాని అంచు మడతపడడం ఉంటాయి. ఉక్కు పేరు చూసి కొన్నవాడికి ఈ అంకె ఎక్కడా కనబడదు. ఒకే పేరున్న రెండు అలుగులు ఒకే కత్తి కావన్న సంగతి కొనుగోలుదారులకు విరివిగా తెలియాలి.

పదును సంగతి ఇంకా వింత. వనేడియం కార్బైడ్ కాఠిన్యం వికర్స్ స్కేలు మీద దాదాపు 2800. సానబెట్టే బెల్టుల్లో, రాళ్లలో మామూలుగా వాడే అల్యూమినియం ఆక్సైడ్ కాఠిన్యం 2100 దరిదాపుల్లో ఉంటుంది. అంటే రాయి కన్నా దాని మీద అరగదీసే ఉక్కులోని రేణువే గట్టిది. అలాంటి ఉక్కును పలచగా అరగదీయడానికి బెల్టులు త్వరగా అరుగుతాయి, సమయం పడుతుంది. కనుక చాలామంది అంచు వెనక మందం ఎక్కువ వదిలేసి, చివర కాస్త కోణం చెక్కి పంపేస్తారు. అంచు వెనక 0.4 మిల్లీమీటర్లు ఉన్న కత్తి ఆపిల్‌లో దిగబడిపోతుంది. 0.8 ఉన్నది దాన్ని చీలుస్తుంది. అమెరికన్ లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రకరకాల ఉక్కులను పరీక్షించి చూపినదీ ఇదే: కోణం తగ్గిస్తే కోత నిలిచే కాలంలో వచ్చే లాభం, ఉక్కు మార్చితే వచ్చే లాభాన్ని మించిపోగలదు. ఇందుకు కొలమానమూ ఉంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కత్తుల పరిశ్రమ పరిశోధన సంస్థ కాట్రా యంత్రం, ఇసుక రేణువులు కలిపిన అట్టను అలుగుతో అదే పనిగా కోయించి, మొత్తం ఎంత అట్ట తెగిందో లెక్కిస్తుంది.

ఒపినెల్ నంబర్ 8 ఫ్రాన్స్‌లో పది పదిహేను యూరోలకు దొరుకుతుంది. అలుగు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఉక్కు సాధారణం, పిడి బీచ్ కర్ర, వానాకాలం ఉబ్బి అలుగును బిగబట్టేస్తుంది. అయినా టమాటా మీద పెడితే దానికి ముప్పై రెట్లు ధర ఉన్న మందపాటి కత్తిని ఓడిస్తుంది. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ అలుగులు 56 పాయింట్ల దగ్గరే ఉంటాయి, పదును త్వరగా పోతుంది, కానీ పలచనివి కనుక కోస్తాయి, ఇంట్లో ఉన్న రాయి మీదే మళ్లీ పదునెక్కుతాయి. ఒక కీలు పక్కన ఇంకో కీలు అమర్చిన ఆ కత్తిలో ఏ అలుగూ లొడలొడలాడదు. తక్కువ ధరకు ఇది సాధ్యమైంది కొలతలను ఏళ్ల తరబడి ఒకే నమూనా మీద సరిదిద్దుకుంటూ రావడం వల్ల. ఏటా కొత్త నమూనా, కొత్త రంగు, కొత్త ఉక్కు పేరుతో వచ్చే ఖరీదైన కత్తికి ఆ అవకాశమే ఉండదు.

పదును విషయంలో ఇంకొకటి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల మంచి కత్తులు కూడా అన్యాయంగా చెడ్డపేరు మోస్తాయి. కర్మాగారంలో ఆఖరి పదును వేగంగా తిరిగే బెల్టు మీద, చాలాసార్లు నీళ్లు పొయ్యకుండానే పెడతారు. అలుగు మొత్తం చల్లగానే ఉంటుంది. వెంట్రుకలో వందో వంతు పలచనైన ఆ చివరి అంచు మాత్రం క్షణంలో కాగిపోయి మెత్తబడవచ్చు. కొత్త కత్తి నాలుగు అట్టపెట్టెలు కోసేసరికి మొద్దుబారితే ఉక్కును తిట్టే ముందు వజ్రపు పొడి పూసిన పలక మీద నిదానంగా, నీటితో రెండు మూడుసార్లు సానపట్టి చూడండి. కాలిన పొర పోయి లోపలి ఉక్కు బయటపడితే పదును నిలవడం మొదలవుతుంది. అప్పటికీ నిలవకపోతే తప్పు కొలిమిదే, దాన్ని మీరు ఇంట్లో బాగుచెయ్యలేరు.

కొత్త కత్తి చేతికొచ్చినప్పుడు నేను చూసే వరుస ఇదీ. ఇరుసు స్క్రూను ముట్టుకోకముందే అలుగును పక్కలకు, పైకీ కిందికీ ఊపుతాను. పక్క ఊపు స్క్రూతో తగ్గవచ్చు. పైకీ కిందికీ ఊగితే మాత్రం లాక్ ముఖం సరిగా ఆనడం లేదని అర్థం, దానికి స్క్రూ మందు కాదు. లాక్ వేసి, వేళ్లు అడ్డం లేకుండా చూసుకుని, అలుగు వెన్నును చెక్క మీద మెల్లగా నొక్కుతాను. జారితే ఆ కత్తి తిరిగి వెళ్లిపోవాల్సిందే, ధర ఎంతైనా. దీపం వెలుగులో అంచును ఇరువైపులా తిప్పి చూస్తాను. ఓరగా నిలిచిన అలుగును క్షమిస్తాను. విప్పి చూడాలన్న ఉబలాటం ఎంత ఉన్నా, వెనక్కి పంపే గడువు ముగిసేదాకా విప్పను. విప్పితే వారంటీ చెల్లదనే కంపెనీలు కొన్ని ఉన్నాయి. తమ వస్తువును కొన్నవాడు శుభ్రం చేసుకోవడాన్ని నేరంగా చూసే ఆ షరతు నాకు మింగుడుపడదు. ఇరుసులోకి దుమ్ము, పళ్లరసం చేరకుండా వాడే కత్తి ఎక్కడుంటుంది?

తయారుచేసేవాళ్లను అడగాల్సింది కూడా ఉంది. ఉక్కు పేరు అచ్చువేసే చోటే ఇంకో మూడు అంకెలు పడతాయి: ఆ విడత అలుగుల రాక్‌వెల్ కాఠిన్యం ఎంత నుంచి ఎంత దాకా ఉంది, అంచు వెనక మందం ఎంత, పదును కోణం ఎన్ని డిగ్రీలు. ఈ మూడూ కర్మాగారంలో కొలవగలిగినవే, నాణ్యత పరీక్ష నిజంగా జరిగితే ఈపాటికే కొలిచి ఉండాల్సినవే. కొందరు చిన్న తయారీదారులు కాఠిన్యం అంకె ఇప్పటికే ఇస్తున్నారు. మిగతా రెండూ వాళ్ల నుంచే మొదలుకావాలని నా ఆశ. ఈసారి కత్తి కొనేముందు ఉత్తరం రాసి ఆ మూడు అంకెలూ అడగబోతున్నాను, జవాబు ఇచ్చినవాళ్ల దగ్గరే కొంటాను.